నంది కొండల కింద మట్టిదారుల్లో ఒక్కరోజు మౌంటెన్ బైకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారకముందే బెంగళూరు దాటి, నంది కొండల కింద మట్టిదారుల్లో సైకిలు తొక్కి, మధ్యాహ్నం భోంచేసి తిరిగొచ్చే ట్రిప్ ఇది. గైడ్లం ఇద్దరం, వచ్చేవాళ్లు ఎనిమిది మంది, అంతకు మించి తీసుకోం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల నుంచి మాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా తెలుగులోనే ఉంటాయి. వాళ్లకు నోటితో చెప్పే జవాబులే ఇక్కడ రాశాను. పొడవుగా ఉన్నా పూర్తిగా చదివి రండి, ఆ రోజు మీకే హాయిగా ఉంటుంది.

నాకు మౌంటెన్ బైకింగ్ అసలు తెలియదు. రావచ్చా?

రావచ్చు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఊళ్లో గంటకింత అని అద్దె సైకిలు తీసుకుని తొక్కినవాళ్లే. పది పదిహేనేళ్లుగా పెడల్ మీద కాలు పెట్టలేదు, అంతే. ఒంటికి వచ్చిన విద్య కాబట్టి పావుగంటలో తిరిగి వచ్చేస్తుంది.

మూడు పనులు చేయగలరేమో మీకు మీరే చూసుకోండి. చదునైన రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు మధ్యమధ్య ఆగుతూ అయినా తొక్కగలగాలి. ఒక చెయ్యి వదిలి పక్కకు చూపించినా సైకిలు వంకర పోకూడదు. ఆగాల్సి వస్తే కాళ్లు నేలకు ఆనించి కాకుండా బ్రేకుతో ఆపగలగాలి. ఈ మూడూ వస్తే మిగతాది మేం నేర్పిస్తాం. సైకిలు తొక్కడమే రాకపోతే మాత్రం ముందు ఇంటి దగ్గర ఏదైనా మైదానంలో రెండు మూడు వారాలు నేర్చుకుని రండి. మట్టిదారి మీద బ్యాలెన్స్ నేర్చుకోవడం మంచిది కాదు.

రోడ్డు మీద రోజూ తొక్కుతాను. దీనికీ దానికీ పెద్ద తేడా ఉంటుందా?

ఉంటుంది. రోడ్డు మీద రైడర్ల ధ్యాసంతా వేగం మీద, గుండె వేగం మీద, రైడ్ లెక్కలు చూపించే స్ట్రావా యాప్ మీద ఉంటుంది. ఇక్కడ నేల మీద ఉండాలి. ఇది బలం కంటే చూపు మీద ఆధారపడ్డ విద్య. నంది చుట్టుపక్కల నేల అంతా పాత రాతినేల. రాయి చితికి చితికి గరుసుగా మారింది. గట్టి నేల మీద ఆ గరుసు పలచగా పరుచుకుని ఉన్నచోట చక్రం పడితే ఆవాల మీద కాలు వేసినట్టే ఉంటుంది, కింద గింజలు దొర్లిపోతాయి. నాలుగు అడుగులు పక్కన అదే ఎర్రమట్టి గట్టిగా, చెప్పు అచ్చు పడేంత మెత్తదనంతో ఉంటుంది. అక్కడ టైరు పట్టు వదలదు. రంగు చూసి ఏది ఏదో చెప్పొచ్చు: ముదురు ఎరుపు మంచిది, తెల్లగా మెరిసేది జారుతుంది. మేం రోజంతా నేర్పించేది చాలావరకు ఇదే.

బాగా రోడ్డు సైక్లింగ్ చేసినవాళ్లు ఎక్కుడులో అందరికంటే ముందుంటారు, దిగుడులో చేతులు బిగుసుకుపోతాయి. దారి ఎక్కేముందు మైదానంలో మేం చెప్పే గంట పాఠం కొత్తవాళ్లతో పాటే మీకూ తప్పదు.

ఏయే ఊళ్లు, ఏయే దారులు?

బయలుదేరేది నంది ఊరి దగ్గర, భోగ నందీశ్వరుడి గుడికి కాస్త ఇవతల. గుడి తొమ్మిదో శతాబ్దం నాటిది. రైడ్ అయ్యాక కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, మెట్ల కోనేరు దగ్గర కాసేపు కూర్చోండి. నంది ఊరి నుంచి చెరువు కట్ట మీదుగా, ద్రాక్ష తోటల మధ్య బండిదారి పట్టుకుని, నీలగిరి తోపులో ఒక్క సైకిలు మాత్రమే పట్టే ఒంటిదారి ఎక్కి, రాతిబండ మీద ఆగి, ముద్దేనహళ్లి వైపు దిగి, చుట్టు తిరిగి మళ్లీ నందికి వస్తాం. మొత్తం 24 కిలోమీటర్లు. అందులో తారు రోడ్డు ఏడు కిలోమీటర్ల లోపే.

తెలుగువాళ్లకు ఈ దారి గురించి నేను ప్రత్యేకంగా చెప్పే సంగతులు రెండున్నాయి. ముద్దేనహళ్లి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరు. ఇంటిపేరులోని మోక్షగుండం మన ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదును కాపాడే పథకం వేసింది ఆయనే. ఆయన ఇల్లు స్మారకంగా ఉంది, అక్కడ ఇరవై నిమిషాలు ఆగుతాం. రెండోది పెన్నా. నెల్లూరు దగ్గర అంత వెడల్పున సముద్రంలో కలిసే ఆ నది పుట్టింది ఈ కొండల వరుసలోనే, చెన్నకేశవ కొండ మీద. అక్కడి నుంచి సముద్రం దాకా 597 కిలోమీటర్లు. రాతిబండ మీద నిలబడి ఆ కొండను చూపిస్తూ, వాన చుక్క అక్కడ పడితే అనంతపురం, కడప దాటి నెల్లూరు చేరుతుందని చెబితే ఒకసారి ఒక నెల్లూరు అమ్మాయి సైకిలు పక్కన పెట్టి చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది. మేం ఎవరమూ తొందర పెట్టలేదు.

నంది కొండ పైకి ఎక్కమా?

ఎక్కం. కొండ ఎత్తు 1,478 మీటర్లు. పైదాకా వెళ్లేది తారు రోడ్డు, మలుపు మీద మలుపు, సెలవు రోజుల్లో కార్లూ బైకులూ కిక్కిరిసి ఉంటాయి. రోడ్డు సైకిళ్లకు అది మంచి ఎక్కుడు. లావు టైర్ల సైకిలుతో అక్కడ మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు.

తురహళ్లి, సావన్‌దుర్గ, బన్నేరుఘట్ట బెంగళూరుకు దగ్గరే కదా. అక్కడికి ఎందుకు తీసుకెళ్లరు?

ఈ ప్రశ్న వారానికి రెండుసార్లయినా వస్తుంది. కనకపుర రోడ్డు పక్కన ఉన్న తురహళ్లిలోనే నేనూ నేర్చుకున్నాను. ఆ అడవి మీద ప్రేమ ఉంది కాబట్టే గుంపుగా వెళ్లడం ఇష్టం లేదు. నగరం నాలుగు వైపులా కమ్ముకొచ్చాక మిగిలిన చిన్న ముక్క అది, అటవీ శాఖ పరిధిలో ఉంది. పది సైకిళ్లు ప్రతి వారం తిరిగితే ఆ దారులు కోసుకుపోతాయి. సావన్‌దుర్గ ఏకశిల కొండ. బండ మీద వాలు ఎక్కువ, కొత్తవాళ్లకు పనికిరాదు. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం, ఏనుగులు తిరిగే చోటు. అక్కడ సైకిలు వేసుకుని లోపలికి పోవడం చట్టవిరుద్ధం, ప్రాణాలకూ ముప్పు. గూగుల్ మ్యాప్స్‌లో సన్నని గీత కనిపించినంత మాత్రాన అది మనం తొక్కే దారి కాదు.

మా దారిలో ఉన్నవన్నీ ఊరి బండిదారులు, చెరువు కట్టలు, యజమానిని అడిగి ఒప్పుకున్నాక వాడుకునే తోపులు.

రోజు ఎలా గడుస్తుంది?

అయిదింటికి హెబ్బాళ దగ్గర వ్యాను ఎక్కుతాం. దేవనహళ్లి మీదుగా ఆరింటికల్లా నంది చేరతాం. సైకిళ్లు దించి, ఒక్కొక్కరికీ సీటు ఎత్తు సరిచేసి, టీ తాగేసరికి తెల్లవారుతుంది. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఖాళీ మైదానంలో పాఠం. ఆ తర్వాతే దారి. తొమ్మిదింటికి టిఫిన్. పదకొండున్నర, పన్నెండుకల్లా రైడ్ అయిపోతుంది. భోంచేసి, గుడి చూసి, రెండున్నరకు వ్యాను.

గంట పాఠం ఎందుకు, ఆ టైములో ఇంకాస్త తొక్కొచ్చు కదా అని కొందరు అంటారు. ఆ గంట తగ్గించం. ఎన్ని విషయాల్లో సర్దుకున్నా ఈ ఒక్కదాంట్లో సర్దుకోలేదు.

దిగుడంటే భయం. పడిపోతానేమో?

అందరికీ ఉండే భయమే. నిజానికి భయం లేని వాళ్లతోనే మాకు ఎక్కువ కష్టం. కాబట్టి దీనికి కాస్త వివరంగా చెబుతాను.

దిగుడులో మనిషి ఒళ్లు సహజంగా చేసే పనులు మూడు, మూడూ తప్పే. వెనక్కి వాలి సీటు మీద గట్టిగా కూర్చుంటాం. ముందు బ్రేకు వేస్తే ఎగిరి పడతామని వెనక బ్రేకు ఒక్కటే పట్టుకుంటాం. కళ్లు ముందు చక్రం కింది రాయి మీద పెడతాం.

మైదానంలో వీటిని ఒక్కొక్కటిగా మారుస్తాం. మొదట సీటు రెండు మూడు అంగుళాలు కిందికి దించి, రెండు పెడల్సూ నేలకు సమానంగా ఉంచి, వాటి మీద లేచి నిలబడమంటాం. మోకాళ్లు, మోచేతులు కాస్త వంగి వదులుగా ఉండాలి. అలా నిలబడితే సైకిలు మీ కింద ఎగిరినా మీరు ఎగరరు. తర్వాత బ్రేకు. మా సైకిళ్లన్నిటికీ కుడిచేతిది ముందు బ్రేకు. సైకిలు ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి ఎక్కువ పట్టు ముందు చక్రానికే ఉంటుంది. వెనక బ్రేకు ఒక్కటే నొక్కితే గరుసు మీద వెనక చక్రం జర్రున జారుతుంది, సైకిలు మాత్రం ఆగదు. చూపుడువేలు ఒక్కటే లివరు మీద ఉంచి, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా, రెండు చేతులతో నొక్కడం సాధన చేయిస్తాం. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపు మధ్యలో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. చివరగా చూపు. మీరు ఎటు చూస్తే సైకిలు అటే పోతుంది. రాయిని చూస్తే రాయి మీదికి, దారిని చూస్తే దారి మీదికి.

మొన్న శీతాకాలంలో ఒకావిడ వచ్చారు, వయసు నలభై ఆరు. నీలగిరి తోపు చివర ముప్పై అడుగుల దిగుడు ఒకటుంది, మధ్యలో చెట్ల వేళ్లు అడ్డంగా తేలి ఉంటాయి. ఆమె పైన ఆగిపోయారు. వేళ్ల కణుపులు తెల్లబడేంత గట్టిగా హ్యాండిల్ పట్టుకున్నారు. "అక్కా, దిగి నడిపించుకుని రండి, ఏమీ పర్లేదు" అన్నాను. నడిచే దిగారు. కింద సైకిలు స్టాండు వేసి, మళ్లీ నడుచుకుంటూ పైకి వెళ్లి, ఆ చెట్ల వేళ్లను ఒక్కొక్కటీ బూటుతో తొక్కి చూశారు. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ జారుతుందో చూసుకుని, మూడోసారి సైకిలు పైకి తీసుకెళ్లి, నిలబడి, మోచేతులు వదిలి, దిగారు. ఆమె చేసింది ఎవరూ నేర్పలేదు, అయినా పెద్ద పెద్ద రైడర్లు చేసేదీ అదే: దారి నడిచి చూసుకుని తొక్కడం. ఇప్పుడు అందరినీ ఆ దిగుడు ముందు ఒకసారి నడిపిస్తున్నాం.

దిగి నడవడం ఎప్పుడైనా సరే, ఎక్కడైనా సరే. అడగక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు.

నేను అందరికంటే నెమ్మది. వెనకబడితే?

మీ వేగమే ఆ రోజు గుంపు వేగం. ఒక గైడ్ ముందు, ఒక గైడ్ అందరికంటే వెనక. వెనక గైడ్ ఎట్టి పరిస్థితిలోనూ ఎవరినీ దాటడు. దారి చీలే ప్రతి చోటా ముందున్నవాళ్లు ఆగి, చివరి మనిషి కనిపించాకే కదులుతారు. చివరి మనిషి వచ్చాక ఆయనకూ ఊపిరి తీసుకునే టైము ఇస్తాం. వచ్చీరాగానే మిగతావాళ్లు బయలుదేరిపోతే నెమ్మదిగా వచ్చేవాళ్లకు విశ్రాంతే దొరకదు.

ఈ పట్టుదల వెనక ఒక అనుభవం ఉంది. సైక్లింగ్ మొదలుపెట్టిన కొత్తలో డబ్బులు కట్టి ఒక గుంపుతో వెళ్లాను. నీలగిరి తోపులో నాకు పంక్చర్ అయింది. ముందున్నవాళ్లు చూసుకోలేదు, వెనక ఎవరూ లేరు. ఫోనులో సిగ్నల్ లేదు, దారి తెలియదు, సీసాలో రెండు గుక్కల నీళ్లు మిగిలాయి. గంటన్నర సైకిలు తోసుకుంటూ నడిచాక ఒక గొర్రెలకాపరి రోడ్డు చూపించాడు. సాయంత్రం ఆ నిర్వాహకులు "మీరు ముందే వెళ్లిపోయారనుకున్నాం" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. మా ట్రిప్‌లో ప్రతి ఆగుడు దగ్గరా తలలు లెక్కపెడతాం, బయటికి వినపడేట్టు.

సైకిలు మీరే ఇస్తారా? సొంతది తెచ్చుకోవచ్చా?

ఇస్తాం. ముందు ఫోర్కుకు కుదుపులు తగ్గించే సస్పెన్షన్, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నవి. బుకింగ్ చేసేటప్పుడు మీ ఎత్తు నిజం చెప్పండి, ఫ్రేము సైజు దాన్నిబట్టే. పొడవాటి దిగుడు దిగిన వెంటనే డిస్క్ రేకును వేలితో తాకకండి, కాలుతుంది.

సొంతది తెస్తే టైర్లు కనీసం రెండంగుళాల వెడల్పు, పైన గుబ్బలున్నవి కావాలి. బ్రేకు ప్యాడ్లు మీ షాపులో చూపించి రండి. అన్నిటికంటే ముఖ్యం గాలి. మామూలు పంక్చర్ షాపులో గాలి పట్టిస్తే టైరు రాయిలా అయ్యేదాకా పట్టేస్తారు. అలాంటి టైరు గరుసు మీద ఎగిరెగిరి పడుతుంది. అరవై, డెబ్బై కిలోల మనిషికి, ట్యూబు ఉన్న టైరుకు ముందు 26, వెనక 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెడతాం. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ము మధ్య నలిగి పక్కపక్కనే రెండు బెజ్జాలు పడతాయి, అచ్చం పాముకాటులా.

దారిలో పంక్చర్ అయితే?

అవుతుంది, దాదాపు ప్రతి ట్రిప్‌లో ఒకటి. ఇక్కడ శత్రువులు ఇద్దరు: తుమ్మముల్లు, పల్లేరుకాయ. పల్లేరు నేలబారున పాకే తీగ. పసుపు పూలు పూసి ఉంటే దాని పక్కకు వెళ్లకండి, ఎండాక ఆ కాయల ముళ్లు ఎటు పడ్డా ఒకటి పైకే ఉంటుంది.

మార్చడం మేం చేస్తాం, చూసి నేర్చుకోండి. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలివైపు అంతా చేతిరుమాలుతో ఒక చుట్టు తుడుస్తాం. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు. బియ్యపుగింజంత కూడా ఉండదు, బయటినుంచి కనబడదు. దాన్ని తీయకుండా ట్యూబు వేస్తే నాలుగు నిమిషాల్లో మళ్లీ అదే కథ. వేలితో మాత్రం తడమకండి, గుచ్చుకుంటుంది.

ఏం వేసుకోవాలి?

త్వరగా ఆరే టీషర్టు, మోకాళ్ల దాకా వచ్చే షార్ట్స్ లేదా కాళ్లకు అతుక్కునే ప్యాంటు, అడుగు చదునుగా ఉన్న బూట్లు. చెప్పులు, శాండల్స్ వద్దు. జీన్స్ వద్దు, తొడలు ఒరుసుకుపోతాయి. వదులు ప్యాంటు, చున్నీ చెయిన్‌లో పడతాయి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ ఉంటే వేసుకోండి, దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. హెల్మెట్, గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు మేం ఇస్తాం. హెల్మెట్ పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి, మూడు పట్టకూడదు. తలకు హెల్మెట్ లేకుండా పెడల్ తిప్పనివ్వం, ఫోటో కోసం కూడా.

డిసెంబరు, జనవరిలో పొద్దున చలి ఉంటుంది. పలచని జాకెట్ తెచ్చుకుంటే ఎండెక్కాక వ్యానులో వేసేయొచ్చు.

తిండి, నీళ్లు?

నాలుగింటికి లేచి ఖాళీ కడుపుతో రాకండి. ఒక అరటిపండు, ఇంట్లో ఉంటే రెండు ఇడ్లీలు చాలు. నూనె వేసినవి వద్దు. ఒక్కొక్కరు రెండు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు తెచ్చుకోవాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగించడం మా బాధ్యత. దాహం వేసేదాకా ఆగొద్దు. ఓఆర్ఎస్ పొడి మా సంచిలో ఉంటుంది, ఒక ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లకు.

మధ్యలో పల్లీచిక్కీ, అరటిపండ్లు. తొమ్మిదింటి టిఫిన్ ఇడ్లీ, చిత్రాన్నం. మధ్యాహ్నం ఒక రైతు ఇంట్లో రాగిముద్ద, ఉప్పుసారు, మజ్జిగ. రాయలసీమవాళ్లు సంకటి అని వెంటనే గుర్తుపడతారు. కోస్తావాళ్లకు ఇంటావిడ మింగడం నేర్పిస్తారు: నమలకుండా, సారులో ముంచి. అన్నం కూడా ఉంటుంది. మాంసం కావాలంటే రెండు రోజుల ముందు చెప్పండి.

ఆడవాళ్లకు ఇబ్బంది ఉంటుందా? టాయిలెట్లు?

వచ్చేవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లే, ఒంటరిగా బుక్ చేసుకునేవాళ్లూ ఉన్నారు. టాయిలెట్ విషయం దాచకుండా చెబుతాను. బయలుదేరే చోట హోటల్లో ఒకటి, ముద్దేనహళ్లి దగ్గర ఒకటి, భోజనం చేసే ఇంట్లో ఒకటి. మధ్యలో గంటన్నర దాకా ఏమీ లేదు. దానికి భయపడి నీళ్లు తాగడం మానేయకండి, అది తలనొప్పికీ కండరాలు పట్టేయడానికీ దారి తీస్తుంది. అవసరం వస్తే చెప్పండి, గుంపును ముందు ఆపి సమయం ఇస్తాం. శానిటరీ ప్యాడ్లు ఫస్ట్ ఎయిడ్ సంచిలోనే ఉంటాయి, ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు.

పొలాల మధ్య తొక్కుతారు కదా, రైతులు ఏమీ అనరా?

అనరు, మనం మర్యాద తప్పనంత వరకు. దారి వాళ్లది, మనం అతిథులం. అందుకని కొన్ని కట్టుబాట్లున్నాయి. ద్రాక్ష తోటల్లో నేల మీద పరిచిన డ్రిప్ పైపుల మీదుగా సైకిలు పోనివ్వకూడదు, ఎత్తి దాటించాలి. ఒక్క పైపు పగిలితే ఆ వరుస మొక్కలకు నీళ్లు అందవు. పందిరి తీగలు ముఖానికి తగిలే ఎత్తులో ఉంటాయి, దిగి నడవాలి. బెంగళూరు బ్లూ ద్రాక్ష నల్లగా నిగనిగలాడుతూ చేతికందేట్టు వేలాడుతుంది. కొనుక్కుని తినండి, కోయకండి. గేటు మూసి ఉంటే దాటి మళ్లీ మూయాలి. చిక్కీ కాగితం ఒక్కటి కూడా వెనక మిగలకూడదు.

కోతల రోజుల్లో రాగి, ఉలవ పంటను తారు రోడ్డు మీదే పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఉలవల మీద బ్రేకు వేస్తే పడ్డట్టే. అక్కడ దిగి, అంచున నడిచి, పక్కనున్న పెద్దవాళ్లను పలకరించి వెళ్తాం. చిక్కబళ్లాపుర జిల్లాలో తెలుగు బాగా వినబడుతుంది. బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్లలో అదే ఇంటిభాష. ఒక అవ్వ మమ్మల్ని ఆపి "యా ఊరు నాయనా మీది, పొద్దన్నే యాడికి పోతాండారు?" అని అడిగింది. మాలో కర్నూలు అబ్బాయి "కర్నూలు అవ్వా" అన్నాడు. చెరిగే చేట పక్కన పెట్టి, లోపలికెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. కన్నడలో నాలుగు మాటలు కూడా నేర్చుకుని రండి. నమస్కార, నీరు బేకు (నీళ్లు కావాలి), దారి ఎల్లి (దారి ఎక్కడ), ధన్యవాద.

కుక్కలు, పాములు, చిరుతలు?

కుక్క వెంటపడితే వేగం పెంచకండి. ఆగి, దిగి, సైకిలును మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి మెల్లగా నడవండి. నూటికి తొంభైసార్లు అది ఆగిపోతుంది. కరిస్తే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించాలి.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉండే ప్రాంతమే. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకుండా, గడ్డిలో కూర్చోకుండా ఉంటే చాలు. ఎవరికైనా కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు కట్టడం ఏమీ చేయం. కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి. కొండల్లో చిరుతలున్నాయి, అందుకే చీకట్లో దారి ఎక్కం.

దెబ్బ తగిలితే?

గీతలు, మోచెయ్యి చెక్కుకుపోవడం మామూలే, అక్కడికక్కడే కడిగి కట్టు కడతాం. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఇక ఆ రోజు సైకిలు లేదు, మీరు బాగున్నానన్నా సరే. వ్యాను దారి పొడవునా సమాంతరంగా రోడ్డు మీద వస్తుంది, పదిహేను నిమిషాల్లో చేరుకోలేని చోటికి మేం వెళ్లం. 108కి ఫోన్ చేస్తాం, చిక్కబళ్లాపురలో జిల్లా ఆసుపత్రి ఉంది. రక్తం గ్రూపు, ఇంటి నంబరు, మందుల అలర్జీలు బుకింగ్ ఫారంలో తప్పక రాయండి.

గుండెజబ్బు, ఆస్తమా, మధుమేహం ఉన్నాయి. రావచ్చా?

మీ డాక్టరు సరే అంటే రండి, మాకు ముందే చెప్పండి. ఇన్‌హేలర్ వ్యానులో కాదు, మీ జేబులో ఉండాలి. గర్భిణులు, గత ఆరు నెలల్లో ఎముక విరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ఆగాలి. పిల్లలకు పద్నాలుగు నిండాలి, పద్దెనిమిది లోపు వాళ్లతో అమ్మో నాన్నో వచ్చి తొక్కాలి. పై వయసుకు హద్దు లేదు.

ఏ నెలలు మంచివి? వాన వస్తే?

నవంబరు నుంచి ఫిబ్రవరి. మట్టిలో కొద్దిగా తేమ మిగిలి ఉంటుంది, ఎండ తక్కువ, రాగి చేలు కోతకొచ్చి ఉంటాయి. మార్చి నుంచి గరుసు ఎండి జారుడు పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నాలు పిడుగులతో వాన పడుతుంది, అప్పుడు పదింటికల్లా ముగిస్తాం. బెంగళూరు చుట్టుపక్కల వాన ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో.

చినుకులైతే తొక్కుతాం. ముందు రాత్రి గట్టిగా పడితే రద్దు చేస్తాం, తెల్లారి ఎండ కాసినా సరే. నానిన మట్టిలో చక్రాలు కోసిన గాడి ఎండాక రాయిలా గట్టిపడుతుంది, ఆ తర్వాత వాన నీళ్లన్నీ ఆ గాడిలోనే పారి దారి తెగిపోతుంది. ఎద్దుబండి వాడే రైతుకు ఏడాదంతా ఆ కష్టం. రద్దు కబురు ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వస్తుంది. డబ్బులు పూర్తిగా వెనక్కి, లేదంటే ఇంకో తేదీ.

రుసుములో ఏమేమి వస్తాయి?

రాకపోకల వ్యాను, సైకిలు, హెల్మెట్, ప్యాడ్లు, టిఫిన్, భోజనం, గైడ్లు. సొంత సైకిలు తెస్తే అద్దె తగ్గుతుంది. బ్రేకు లివరు విరిగినా, గేరు వంగినా ఖర్చు మాదే. కింద పడ్డ మనిషి లేచి ముందు చూడాల్సింది తన మోకాలు, సైకిలు కాదు.

డ్రోన్ తెచ్చుకోవచ్చా?

వద్దు. ఎయిర్‌పోర్టు దగ్గర్లోనే ఉంది, తోటల్లో పనిచేసేవాళ్లకూ ఇష్టం ఉండదు. ఫోన్‌తో ఫోటోలు ఆగినచోట తీసుకోండి. మనుషుల ఫోటో అయితే అడిగి.

రైల్లో రావచ్చా?

యలహంక నుంచి చిక్కబళ్లాపుర వెళ్లే లైనులో నంది హాల్ట్ అని చిన్న స్టేషనుంది, అందమైన స్టేషను. పొద్దున్నే మొదలయ్యే మా ట్రిప్‌కు మాత్రం వ్యానే నమ్మకం. సొంత కారులో వచ్చేవాళ్లు ఆరుకల్లా నందిలో ఉండాలి. ఆరుంబావు దాటితే పాఠం తప్పిపోతుంది, పాఠం తప్పిపోయినవాళ్లను దారి ఎక్కనివ్వం.

తిరిగి ఇంటికి ఎన్నింటికి?

హెబ్బాళలో నాలుగులోపు దించుతాం. మారతహళ్లి అయితే ఇంకో గంట, ఎలక్ట్రానిక్ సిటీ అయితే గంటన్నర పైనే పట్టొచ్చు. ఆ సాయంత్రం వేరే పని పెట్టుకోకండి. మర్నాడు తొడలు, భుజాలు, అన్నిటికంటే అరచేతులు నొప్పులుంటాయి. వేణ్నీళ్ల స్నానం చేసి, సైకిలు మీద కాకపోయినా నాలుగడుగులు నడవండి, మంగళవారానికి తగ్గిపోతుంది.